నాలుక బద్ధకం

మా వియ్యంకుడుగారికి ఒక సిద్ధాంతం ఉంది. కొందరికి ఇల్లుంటుంది, కొందరికి దుకాణం ఉంటుంది, ఆయనకి సిద్ధాంతం ఉంది. దాని పేరు నాలుక బద్ధకం. చెవులు వినపడని పిల్లలకి చేతులతో సైగలు నేర్పితే పని సులువుగా జరిగిపోతుంది కాబట్టి నాలుక బద్ధకించి పడుకుంటుందనీ, ఇక జన్మలో వాళ్లకి నోటి మాట రాదనీ దాని సారాంశం. వయసులో ఉండగా దీని మీద ఆయన లావుపాటి పుస్తకం రాశారు. ఆ పుస్తకం వల్ల ప్రొఫెసరు అయ్యారు. ప్రొఫెసరు అయ్యారు కాబట్టి పదిమందీ నమ్మి చందాలిస్తే చెవిటి పిల్లల కోసం ఒక బడి పెట్టారు.

ఆ తరవాత ఎక్కడెక్కడి వాళ్లో ఎంతోమంది పిల్లల్ని పరీక్షించి చూశారట. సైగలు నేర్చుకున్న పిల్లలకి చదువు గానీ మాట గానీ ఏమీ తగ్గలేదనీ, ఏ భాషా అందక వెనకబడింది సైగలు నేర్పని పిల్లలేననీ తేల్చేశారట. ఆ సంగతి మా వియ్యంకుడుగారికి తెలియదా అంటే బాగా తెలుసు. "వాళ్లు చూసిన పిల్లలు వేరు" అనేవారు. పిల్లలు వేరు కాకపోతే పరీక్షలు వేరు. పరీక్షలూ వేరు కాకపోతే, చేసినవాళ్ల ఉద్దేశాలు వేరు. ఏ ఋజువు ఎటునుంచి వచ్చినా ఆయన ఇంటి తలుపు తగిలి వెనక్కి పోవలసిందే.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టుకుని, ఆ మీదట సంసారం చూసుకున్నదాన్ని. నా ప్రార్థనలో ఆయన జోక్యం చేసుకునేవారు కాదు గానీ, నవ్వేవారు.

"చెల్లెమ్మా, నీది నమ్మకం, మాది ప్రయోగం. నమ్మకం తప్పయితే ఎవరికీ తెలీదు. ప్రయోగం తప్పయితే మర్నాడు పొద్దున్నే మేమే ఒప్పేసుకుంటాం. అదీ తేడా."

"అంతేలెండి అన్నయ్యగారూ" అనేదాన్ని. ఆ మర్నాడు పొద్దున్న అనే మాట మాత్రం మనసులో దాచి పెట్టుకున్నాను.

మా అమ్మాయికి ఆయన కొడుకుతో పెళ్లయింది. వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. అందరం గువ్వ అని పిలుచుకున్నాం. ఏడాది తిరగకుండానే పిల్లకి వినపడదని తెలిసింది. చెవికి పెట్టే మిషన్లు పెట్టి చూశారు, పనిచెయ్యలేదు. ఆపరేషన్ చేసి లోపల పెట్టేవి ఈ పిల్ల చెవికి కుదరవన్నారు. అందరం మంచం చుట్టూ కూర్చుని ఏడుస్తుంటే వియ్యంకుడుగారు మాత్రం ఎవరో పార్సిలు పంపితే విప్పుకుంటున్న మనిషిలా ఉన్నారు.

"ఏడుపెందుకు? ఇంకెవరింట్లో పుట్టినా ఏడవాలి. నా ఇంట్లో పుట్టింది" అన్నారు.

మావారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. అమ్మాయి కూడా ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి పిల్లని చూసుకోవడానికి నేను వాళ్లింట్లోనే ఉండిపోయాను. కింద బడి, పైన ఇల్లు. మెట్లు దిగితే పొడుగాటి హాలు, గోడలకి ఆనించి బల్లలు. ఆ బల్లల మీద పిల్లలు వరసగా కూర్చునేవారు. చేతులు తొడల కింద. అదే అక్కడి మొదటి పాఠం. ఎవరి చెయ్యైనా పొరపాటున పైకి లేస్తే పంతులమ్మ వచ్చి భుజం తట్టి, తన రెండు అరచేతులూ కిందకి నొక్కి చూపించేది. అది కూడా సైగే కదా అని ఎవరికీ తోచినట్టు లేదు. ఎన్నో ఏళ్లుగా చిన్న చిన్న చేతులు రాపాడి ఆ బల్లలు అంచుల దగ్గర నున్నగా మెరిసేవి.

పైన ఇంట్లోనూ అదే రూలు. గువ్వ ఎదుట ఎవరూ చేతులు తిప్పకూడదు. నాకు మాట్లాడితే చేతులు తిరుగుతాయి, పుట్టుబుద్ధి. దాంతో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పోలీసుస్టేషనులో కూర్చున్నదానిలా మాట్లాడేదాన్ని.

భోజనాల బల్ల దగ్గర చూడాలి ఆ వైభోగం. పిల్లకి దాహం వేసి గ్లాసు వైపు చూసేది. ఆయన గ్లాసు తీసి తన మీసాల పక్కన పట్టుకునేవారు.

"నీ... ళ్లు" అనేవారు, నోరు బార్లా తెరిచి.

గువ్వ "ఈ" అనేది.

"నీ... ళ్లు."

"ఈ."

అన్నం చల్లారేది, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. గ్లాసులో నీళ్లు మాత్రం కదిలేవి కావు. నాలుగో సారికో అయిదో సారికో ఆ "ఈ" ఆయన చెవికి నీళ్లులా వినపడేది. అప్పుడు గ్లాసు ఇచ్చి, "విన్నారా, ఇవాళ ళ్లు పలికింది" అనేవారు మా అందరి వైపూ తిరిగి. మేం విన్నది "ఈ". తలలు ఊపేవాళ్లం. అంత చదివిన మనిషికి ఒక అక్షరం ఎక్కువ వినపడడంలో వింతేముంది?

వియ్యపురాలు మా వదిన మంచి మనిషి. మాట మెత్తన, లోపల మాత్రం సూదులుంటాయి. "ఆయనకి చెవులు చాలా గొప్పవి వదినా. తనకి కావలసినవే వినపడతాయి" అనేది గిన్నెలు సర్దుతూ.

ఆ ఇంట్లో మా గువ్వ మాట్లాడుకునే చోటు ఒకటే, స్నానాల గది. అమ్మాయి సాయంత్రం ఇంటికి రాగానే పిల్లని తీసుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టేసుకునేది. కొళాయి తిప్పేసేది. లోపల తల్లీకూతుళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. అమ్మాయి ఆఫీసు దగ్గర ఒక కుట్టుపని ఆవిడ ఉందట, ఆవిడకీ వినపడదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకునేది. నీళ్లకి ఒక సైగ, ఆకలికి ఒకటి, నొప్పికి ఒకటి. గువ్వకి ఒక పేరు కూడా పెట్టింది. బుగ్గ పక్కన రెండు వేళ్లు పిట్టముక్కులా కలిపి విడదీయడం. ఒకసారి సబ్బు అందించడానికి నన్ను లోపలికి రానిచ్చారు. తొట్టి గట్టు మీద కూర్చున్న గువ్వ, తడి చేతులతో గబగబా నాకేదో చెప్పేసి పకపకా నవ్వింది.

"ఏమంటోందే?"

"నీ ముక్కు పెద్దదంటోందమ్మా."

ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది. ఆ పూట దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను.

గువ్వకి అయిదో ఏడు వస్తోంది. ఊరికి అవతల ఇంకో బడి ఉంది, అక్కడ సైగలతోనే చదువు చెబుతారు. అయిదు దాటాక కొత్తగా భాష పట్టుకోవడం కష్టమవుతూ పోతుంది, వెంటనే చేర్పించండి అన్నారు అక్కడివాళ్లు. అమ్మాయి భర్తని అడిగింది. మా అల్లుడు ఇంజనీరు. కట్టడాల్లో వాడే కాంక్రీటుని దిమ్మలుగా పోయించి, మిషన్లో పెట్టి విరగ్గొట్టి, ఎంత బరువుకి విరిగిందో చూసి గాని సంతకం పెట్టడు. కాంట్రాక్టర్లకి అతనంటే హడల్. అలాంటివాడు ఇంటికొచ్చేసరికి, "నాన్నకి తెలీదా? ఇదే పనిగా జీవితమంతా పెట్టారాయన" అనేవాడు. అక్కడితో ఆగిపోయేది.

నాన్నగారి దగ్గర ఋజువు లేదా అంటే, ఉంది. నెలకోసారి కింద హాల్లో ప్రదర్శన పెట్టేవారు. చందాలిచ్చేవాళ్లు, కమిటీ పెద్దలు వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు. ఆయన ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఎదురుగా కూర్చోబెట్టుకుని, మధ్యలో బల్ల మీద బొమ్మల కార్డులు పరిచేవారు. బంతి, కుక్క, గొడుగు, కత్తెర. పెదవులు బాగా కదిలిస్తూ "గొడుగు" అనేవారు. పిల్ల ఒక్క క్షణం ఆయన్ని చూసి గొడుగు కార్డు తీసి ఇచ్చేది. "కత్తెర" అంటే కత్తెర. చప్పట్లు. పెదవులు చదవడం వచ్చింది, ఇక పలకడమే తరవాయి అని ఆయన అర్థం చెప్పేవారు. గువ్వ కూడా అలా కార్డులు తీసింది. మొదటిసారి చూసినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. మరి పైకి వచ్చాక ఇదే పిల్ల గొడుగు అంటే గొడుగు వైపు ఎందుకు చూడదు అనే ప్రశ్న కూడా వచ్చింది. అడిగాను.

"అక్కడ క్రమశిక్షణ ఉంది చెల్లెమ్మా, ఇక్కడ గారాబం ఉంది" అన్నారు. ఆ గారాబం అంటే నేనే.

ఇలా ఉండగా ఆయనకి కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేసి నల్ల కళ్లద్దాలు పెట్టారు, కొన్నాళ్లు తియ్యకూడదన్నారు. ఆ నెల ప్రదర్శన మానుకోండి అంటే వినలేదు. నల్లద్దాలతోనే కూర్చుని "బంతి" అన్నారు. పెదవులు ఎప్పటిలాగే కదిలాయి. ఎదురుగా ఉన్న పిల్లవాడు కుక్కని ఇచ్చాడు. "గొడుగు" అన్నారు, బంతిని ఇచ్చాడు. ఇంకో పిల్లని పిలిచారు. ఆ పిల్ల ఆయన మొహంలోకి తొంగి తొంగి చూసి, అసలు ఏ కార్డూ ముట్టుకోకుండా ఏడుపు మొహం పెట్టింది. బల్లల మీద పిల్లలు తొడల కింద చేతులతో బిక్కచచ్చి చూస్తున్నారు.

"అద్దాలకి జడుసుకున్నారు పాపం" అన్నారాయన నవ్వుతూ. కమిటీ పెద్దలు కూడా పాపం పాపం అన్నారు. తరవాతి నెలకి అద్దాలు తీసేశారు. పిల్లలు మళ్లీ అన్ని కార్డులూ సరిగ్గా తీశారు. "చూశారా, అద్దాలే" అన్నారు. నిజమే, అద్దాలే. ఆయన నోట ఆ రోజు సత్యమే పలికింది, ఆయనకే తెలియలేదు.

తెలిసింది చెవి డాక్టరమ్మకి. ఆవిడ ఒకప్పుడు ఆయన శిష్యురాలే. పిల్లలకి ఎంత వినపడుతోందో కొలవడానికి బడికి వస్తూ ఉండేది. రెండు ప్రదర్శనలూ చూసింది. ఒక సాయంత్రం పైకి వచ్చి, అమ్మాయీ అల్లుడూ ఉండగానే ఆయనతో అంది.

"మాష్టారూ, ఒక చిన్న పని చేద్దామా? కార్డులు మీకు కనపడకుండా పెడతాను. పిల్లకే కనపడతాయి. మీరు మాట చెప్పండి, చాలు."

"నాకు కనపడితే ఏం?"

"మీ కళ్లు ఆ కార్డు వైపు వెళ్తున్నాయేమోనని."

ఆయన పెద్దగా నవ్వారు. "నేను మోసం చేస్తున్నానంటావా అమ్మాయ్?"

"అయ్యో, కాదు మాష్టారూ. మీకు తెలియకుండానే వెళ్తాయి. నా కళ్లయినా వెళ్తాయి."

"నీవి వెళ్తాయేమో. పెట్టు, నీ ముచ్చటెందుకు కాదనాలి? గువ్వతోనే పెట్టు. కమిటీని కూడా పిలుద్దాం."

అంత ధీమా. అల్లుణ్ణి కూడా రమ్మంది డాక్టరమ్మ. "మీరు కొలతల మనిషి, రండి" అంది. అమ్మాయి మొహం చూశాను. ఈ పరీక్షలో గువ్వ తప్పితేనే దానికి చదువు. పిల్ల ఓడిపోవాలని ఏ తల్లి మొక్కుకుంటుంది? నేను మొక్కుకున్నాను.

ఆదివారం ఉదయం హాల్లో అందరం కూర్చున్నాం. డాక్టరమ్మ బల్ల మీద ఒక నిలువు చెక్క పెట్టి, దానికి కార్డులు గువ్వ వైపుకి గుచ్చింది. ఆయనకి చెక్క వెనకభాగం కనపడుతుంది. "బంతి" అన్నారాయన, పెదవులు గుండ్రంగా తిప్పి.

గువ్వ పెదవుల వైపు చూడనేలేదు. ఆయన కళ్లలోకి చూసింది. అవి ఎటూ కదల్లేదు, ఎటు కదలాలో వాటికే తెలియదు. పిల్ల చెయ్యి కుక్క దాకా వెళ్లి ఆగింది. మళ్లీ ఆయన కళ్లు చూసింది. గొడుగు దాకా వెళ్లి ఆగింది. చివరికి ఏదో ఒకటి తీసిచ్చింది, కత్తెర. డాక్టరమ్మ కార్డులు మార్చి పెట్టింది. మళ్లీ తప్పు. ఎప్పుడో ఒకసారి గుడ్డిగా ఒప్పు, మళ్లీ తప్పు.

"పిల్ల అలసిపోయింది" అన్నారాయన.

"ఇప్పుడే కదండీ టిఫిను చేసి వచ్చింది" అంది మా వదిన కుర్చీలోంచి.

ఆయనకి మొహం కొంచెం ఎర్రబడింది. "ఈ చెక్క పిల్లకి కొత్త, అందుకే తికమకపడింది. సరే, నేను చెబుతాను అసలైన పరీక్ష. చెక్క తీసెయ్. నేను నోరు కప్పుకుంటాను. అప్పుడు పిల్ల ఒక్క కార్డు కూడా తియ్యలేదు, చూడు. ఎందుకు? పెదవులు కనపడవు కాబట్టి. దాంతో తెలుస్తుంది మీకందరికీ, అది చదివేది నా పెదవులనే అని."

డాక్టరమ్మ చెక్క తీసేసి కార్డులు ఎప్పటిలా బల్ల మీద పరిచింది. ఆయన ఒక అట్ట ముక్క తీసుకుని ముక్కు కింద నుంచి గడ్డం దాకా మూసుకున్నారు. మనసులో ఏ మాట అనుకుంటున్నారో ముందే డాక్టరమ్మ చెవిలో చెప్పారు.

గువ్వ మొహం విప్పారింది. ఆయన కళ్లలోకి చూసి టక్కున బంతి తీసిచ్చింది. తరవాత గొడుగు. తరవాత కుక్క. కత్తెర. ఒక్కటీ తప్పలేదు. తీసిన ప్రతిసారీ, ఇంత తేలికైనవి అడుగుతావేంటి తాతా అన్నట్టు నవ్వుతోంది. అల్లుడు కుర్చీలో ముందుకి వంగి, తండ్రి కళ్లనే చూస్తున్నాడు. నేనూ చూశాను. గొడుగు అనుకోగానే ఆ కళ్లు గొడుగు మీద వాలి, చటుక్కున లేచి వచ్చేస్తున్నాయి. ఒకసారి చెప్పాక ఎవరికైనా కనపడుతుంది.

ఆయన అట్ట దించారు. మర్నాడు పొద్దున్న దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే ఒప్పేసుకుంటారు కాబోలనుకున్నాను. మా వదిన నా వైపు వంగింది.

"పెళ్లయినప్పటి నించి ఈయన నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి వదినా. పిల్ల ఫస్టు క్లాసులో పాసయింది."

వియ్యంకుడుగారు లేచి నిలబడ్డారు. కొంచెంసేపు కిటికీ వైపు చూశారు. తిరిగేసరికి మొహంలో మళ్లీ ఆ పార్సిలు విప్పిన వెలుగు వచ్చేసింది.

"మీరందరూ గమనించారో లేదో, మనం అనుకున్నదానికంటే ఇది చాలా ముందుకి వెళ్లింది" అన్నారు. "పెదవులు చూడకుండానే పిల్ల మాటని అందుకుంటోంది. అంటే ఏమిటి? నా పద్ధతి ఎంత లోతుగా దిగిందంటే, ఇక పెదవులతో కూడా పనిలేదు. దీనికి ఇంకో అధ్యాయం రాయాలి."

కమిటీలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మరి ఇందాక చెక్క పెట్టినప్పుడు..."

"చెక్క మధ్యలో అడ్డం వచ్చింది కదండీ. మనిషికీ మనిషికీ మధ్య ఆ ప్రవాహం తెగిపోయింది."

"ఓహో" అన్నాడు పెద్దాయన. ప్రవాహం అనేసరికి ఆయనకి సమాధానం దొరికిపోయింది. పక్కాయన కూడా తలూపాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. డాక్టరమ్మ కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల మీద పెట్టి, "వస్తాను మాష్టారూ" అంది. ఆవిడ మనసులో వ్యతిరేకత ఉందనీ, అది పిల్లలకి సోకుతుందనీ చెప్పి, ఆ వారంలోనే కమిటీ ఆవిణ్ణి బడికి రావద్దంది.

నేను ఋజువు లేకుండానే దేవుణ్ణి నమ్ముతాను. దాచుకోను. కానీ నా దేవుడు నన్ను ఏ పిల్ల చేతుల మీదా కూర్చోమనలేదు. ప్రయోగం ప్రయోగం అని నన్ను చూసి నవ్విన మనిషి, తన ప్రయోగం తనే పెట్టి, తన కళ్లతోనే ఓడి, చప్పట్లు కొట్టించుకుని భోజనానికి పైకి వచ్చారు. ఆకలి కూడా బాగానే వేసింది ఆయనకి.

ఆ సాయంత్రం వంటింట్లో వదినని అడిగాను. "అంత తెలివైన మనిషి కదా, ఎలా వదినా? కళ్లెదుట ఉన్నది ఎలా కనపడదు?"

ఆవిడ గిన్నె తుడవడం ఆపింది. "ఒప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించు. ఈ బల్లల మీద కూర్చుని వెళ్లిన పిల్లలున్నారు చూడు, ఎంతమందో. చదువూ రాక, మాటా రాక, ఎక్కడెక్కడ ఏం చేసుకుంటున్నారో. వాళ్లందరి మొహాలూ గుర్తు తెచ్చుకోవాలి ఆయన. ఇంకో అధ్యాయం రాసుకోవడం తేలిక కదా."

జాలిపడవలసిన సంగతే. నేనూ ప్రయత్నించాను. బల్లల అంచులు గుర్తొచ్చి కుదరలేదు.

అవతల గదిలో అమ్మాయి గొంతు వినపడుతోంది. ఎప్పుడూ మెల్లిగా మాట్లాడే పిల్ల.

"ఒక మాట చెప్పండి. ఏ కాంట్రాక్టరో వచ్చి, దిమ్మ నేనే పోశాను, నేనే పరీక్ష చేసుకున్నాను, గట్టిగా ఉంది అంటే సంతకం పెడతారా?"

"దానికీ దీనికీ..."

"పోనీ, మీ ఎదురుగా మిషన్లో పెడితే పిండిలా రాలిపోయింది. అయినా అతను, చూశారా, ఇదో కొత్తరకం బలం అన్నాడు. అప్పుడు పెడతారా?"

అల్లుడు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఆ మేడ ఎక్కేది మన పిల్లండీ."

ఆ పూట అందరం ఎప్పటిలాగే బల్ల చుట్టూ కూర్చున్నాం. గువ్వ గ్లాసు వైపు చూసింది. మా వియ్యంకుడుగారు గ్లాసు తీసి మీసాల పక్కన పట్టుకున్నారు. "నీ... ళ్లు."

"ఈ" అంది గువ్వ.

"నాన్నా, గ్లాసు ఇచ్చెయ్యండి" అన్నాడు అల్లుడు.

"ఆగరా. ఇవాళ ఉత్సాహంగా ఉంది. నీ... ళ్లు."

అల్లుడు కుర్చీ జరిపి కూతురి వైపు తిరిగాడు. కుడి చేతి వేళ్లు మూడు నిలబెట్టి పెదవి పక్కన తాకించాడు. నీళ్లు. వంకరగా, కొత్తగా, కాంక్రీటు పట్టుకునే చేతులతో చేశాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. అమ్మాయి మొహం చూస్తే తనకీ తెలిసినట్టు లేదు. బహుశా ఆ స్నానాల గది తలుపు మరీ గట్టిగా మూసుకునేది కాదేమో.

గువ్వ తండ్రిని చూసి బిగుసుకుపోయింది. బల్ల దగ్గర చేతులా అన్నట్టు తాత వైపు చూసింది.

"చేతులు" అన్నారాయన. గొంతు పెంచలేదు. తన అరచేతులు కిందకి నొక్కి చూపించారు. పిల్ల రెండు చేతులూ తొడల కిందకి తోసేసుకుంది.

అల్లుడు లేచి వెళ్లి కూతురి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ చేతుల్ని ఒక్కొక్కటీ బయటికి తీసి, బల్ల మీద పెట్టి, వాటి మీద తన చెయ్యి పెట్టాడు. తండ్రి చేతిలోంచి గ్లాసు తీసుకుని పిల్లకిచ్చాడు. అది గటగటా తాగేసింది.

"రేపే చేర్పిస్తున్నాం నాన్నా, అవతలి బళ్లో" అన్నాడు.

"దాని నోరు పడిపోతుంది. నా మాట రాసి పెట్టుకో."

"మీరు రాసింది చాలు నాన్నా."

ఆ బడి దగ్గరే వేరే ఇల్లు తీసుకున్నాం. ఏడాది తిరిగేసరికి గువ్వ మా అందరి ప్రాణం తీస్తోంది. దాని నోటికి, అదే దాని చేతికి, హద్దు లేదు. వాన ఎందుకు పడుతుంది, పిల్లి ఎందుకు మాట్లాడదు, దేవుడికి చేతులు ఎన్ని. చివరి ప్రశ్నకి నేను చాలాసేపు ఆలోచించాను. నా వేళ్లు కీళ్లనొప్పులతో తిరగకపోయినా నేర్చుకున్నాను. నా సైగలకి నత్తి ఉందని అది వెక్కిరిస్తుంది. అక్కడ పలకడం కూడా నేర్పుతున్నారు, "అమ్మ" అని తెలిసేలా అంటుంది. నోరు ఏమీ పడిపోలేదు.

మా వియ్యంకుడుగారి బడి వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. వదిన కోసం వెళ్లాం. హాలు నిండా జనం. ముందు వరస బల్లల మీద పిల్లలు, చేతులు తొడల కింద. తెర మీద గువ్వ ఫొటో పెద్దది వేశారు.

"ఈ పిల్లని మీరు ఎరుగుదురు" అన్నారాయన మైకులో. "ఈమధ్య వేరే బడికి వెళ్తోంది. ఇప్పుడు ఎంత చురుగ్గా ఉందో చూడండి. ఎందువల్ల? పునాది ఇక్కడ పడింది కాబట్టి. చిన్నప్పుడు నాలుకని నిద్రపోనివ్వలేదు కాబట్టి."

చప్పట్లు. అమ్మాయి లేచి వెళ్లిపోబోతే అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. ఈలోగా ఆయన గువ్వని వేదిక మీదకి రమ్మన్నారు. అది జంకు లేకుండా ఎక్కేసింది. ఆయన వంగి, పెదవులు బార్లా తెరిచి అడిగారు.

"నీ... పే... రే... మి... టి?"

గువ్వ అలవాటుగా ఆయన కళ్లలోకి చూసింది. అక్కడ కార్డులేవీ లేవు. చూపుకి వాలడానికి చోటు లేదు. పిల్ల జనం వైపు తిరిగి నన్ను వెతికి పట్టుకుంది. అందరి ఎదుటా చేతులెత్తి అడిగింది.

"ఏం కావాలట అమ్మమ్మా?"

మూడో వరసలో కూర్చున్నాను. ఆయనకి సరిగ్గా ఎదురుగా ఉన్నాను, శుక్లాలు తీయించుకున్న కళ్లకి నేను కనపడకపోవడానికి అడ్డం ఏదీ లేదు. లేచి నిలబడ్డాను. రెండు చేతులూ ఒళ్లోంచి తీసి అందరికీ కనపడేలా చెప్పాను.

"నీ పేరు అడుగుతున్నారు."

గువ్వ "ఓ, అదా" అన్నట్టు తలూపి, బుగ్గ పక్కన రెండు వేళ్లు కలిపి విడదీసింది.

ఆయన మైకు దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"చూశారు కదా. నా పెదవులు చదివింది."

హాలంతా చప్పట్లతో మోగింది. ముందు బల్లల మీది పిల్లలకి ఆ మోత వినపడలేదు. వాళ్లు ఆయన వైపు చూడనూ లేదు. మెడలు వెనక్కి తిప్పి నా చేతుల వైపే చూస్తున్నారు, నేను ఇంకా ఏమైనా చెబుతానేమోనని.